డార్క్‌రూం లోపలి నుంచి ఊఁ

ఖమ్మం,
12 జనవరి 1987

అల్లుడు హీరాలాల్‌కు,

మామ రామ్‌చందర్ రాస్తున్నాడు. మేము బాగానే ఉన్నాము. నువ్వెలా ఉన్నావో నీ నోటితో నువ్వు చెప్పవు కాబట్టి, భద్రాచలం బస్సు కండక్టర్ దేవ్లా చెబితే తెలిసింది.

నిన్ను చూసి పోదామని వాడు మొన్న సారపాకలో దిగాడట. నీ ఫోటో స్టూడియో తలుపులు బార్లా తెరిచి ఉన్నాయట. లోపల మనిషి లేడట. "హీరాలాల్, ఓ హీరాలాల్ అని గొంతు పోయేదాక పిలిచిన అన్నా. లోపల అర్రల ఏదో గిన్నె సప్పుడైంది గని మనిషి రాలే. పిల్లి కావచ్చని వచ్చేసిన" అన్నాడు. ఓరి నాయనా, ఆ పిల్లివి నువ్వే కదరా!

బేరం వస్తే దాక్కునే దుకాణదారుణ్ణి నేను నా సర్వీసులో చూడలేదు. నన్ను చూసి నేర్చుకో. మధిర బస్సులో ఎక్కిన ఒక్కరినైనా పలకరించకుండా దింపుతానా? "ఏం పెద్దాయనా, మిరప ఎట్లుంది? ఏం చెల్లే, తల్లిగారింటికా?" అంటాను. టిక్కెట్టు చింపి ఇచ్చేలోగా వాళ్ల ఇంట్లో ఏ కూర వండారో కూడా నాకు తెలిసిపోతుంది. ముందు బస్సు ఖాళీగా పోతున్నా నా బస్సు కోసం ఆగే మనుషులు ఉన్నారు, అబద్ధమైతే మీ అత్త హేమ్లిని అడుగు. డ్యూటీ దిగి ఇంటికి వచ్చాక కూడా నేను ఆ సంగతులు చెబుతూనే ఉంటాను. పాపం, ఆమె వింటూనే ఉంటుంది.

ఫోటోలు బాగా తీస్తావు, కాదన్నవాడి నోట్లో మన్ను. కానీ తీయించుకునేవాడు లోపలికి రావాలి కదా? అక్కడ కారేపల్లి తండాలో మీ అమ్మ, అదే మా పూలి అక్క, నీ మీద బెంగ పెట్టుకుని కూర్చుంది. అందుకని ఖరాఖండిగా చెబుతున్నాను విను. ఎండాకాలంలో కండక్టర్ పోస్టులు పడతాయంటున్నారు. శ్రీరామనవమి దాకా చూస్తాను. అప్పటికీ నీ షాపు ఇలాగే ఉంటే దానికి తాళం పడుతుంది, నీ దరఖాస్తు మా డిపోలో పడుతుంది. బస్సులో కాలు పెట్టే సందుండదు, అందరూ నీతోనే మాట్లాడతారు, నీ సిగ్గు ఎక్కడికి పోతుందో నేనూ చూస్తాను.

మాట్లాడటం నీ వల్ల కాకపోతే కనీసం ఊ కొట్టరా! ఎవరేం చెప్పినా "ఊఁ" అను. మీ అత్త ముప్పై ఏళ్లుగా చేస్తున్నది అదే. దానికి నోరు తెరవాల్సిన పని కూడా లేదు.

ఇక్కడికి రైట్ చెబుతున్నాను.
మామ రామ్‌చందర్

*

సారపాక,
9 ఫిబ్రవరి 1987

మామకు, అత్తకు రామ్ రామ్.

దేవ్లా అన్న వచ్చినప్పుడు నేను డార్క్‌రూంలో ఉన్నాను. ఫిలిం కడిగేటప్పుడు తలుపు తీస్తే వెలుతురు పడి మొత్తం పాడవుతుంది. ఇలా రాసి ఊరుకుందామనుకున్నాను గానీ నీకు అబద్ధం రాయలేను. ఆ రోజు కడగడానికి ఫిలిమేమీ లేదు.

చూశావా మామా, కాగితం మీద ఎంతైనా రాస్తాను. మనిషి ఎదురుగా నిలబడితే మాత్రం, నేనేమనాలి, అంటే వాళ్లేమనుకుంటారు, అనుకుని మళ్లీ ఏమంటారు అని ఆలోచించుకునేలోగా వాళ్లు వెళ్లిపోతారు. ఫోటో తీసేటప్పుడు "గడ్డం పైకెత్తు, కొంచెం నవ్వు" అని చెప్పాలి. అది కూడా నాకు నోట్లోంచి రాదు. చేత్తో చూపిస్తాను. అందుకే సారపాకలో నేను తీసిన ఫోటోల్లో అందరూ అప్పుడే ఎవరితోనో కొట్లాడి వచ్చినట్టు ఉంటారు.

పేపరు మిల్లులో వెదురు దించే జంపయ్య గేట్‌పాస్ ఫోటో కోసం వచ్చాడు. తల కాస్త పక్కకు తిప్పమని వేలు తిప్పి చూపించాను. వేలు తిరిగినంత దూరం ఆయనా తిరిగాడు. తిరిగి, గోడకు ముఖం పెట్టి, ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. అలా కాదని చెప్పలేక అలాగే తీసేశాను. ఆ గేట్‌పాస్ చూసి మిల్లు గేటు దగ్గర "ఏదీ, ఎనకకు మల్లు, నువ్వో కాదో చూస్తం" అన్నారట.

ఇక నువ్వు చెప్పిన ఊఁ సంగతి. నీ ఉత్తరం అందిన మర్నాడు పక్క హోటల్ మంగమ్మ వచ్చింది. నేను లోపల ఎర్ర బల్బు కింద ప్రింట్లు వేస్తున్నాను, నిజంగానే. ఆమె తలుపు బయట స్టూలు వేసుకుని కోడలి గురించి మొదలుపెట్టింది. నేను లోపలి నుంచి "ఊఁ" అన్నాను. ఇంకా చెప్పింది. మళ్లీ "ఊఁ" అన్నాను. చివరికి ముక్కు చీదుకుని, "ఇంత మంచిగ మాట్లాడేటోనివి, ఇన్నొద్దులు నోరెందుకు కట్టేసుకున్నవ్ కొడుకా?" అంది. మర్నాడు ఆ కోడల్నే వెంటబెట్టుకొచ్చి కుటుంబం ఫోటో దిగింది.

అప్పటి నుంచి నా బెంచీ ఖాళీ ఉండటం లేదు. కష్టసుఖాలు చెప్పుకోవడానికి వస్తున్నారు, ఊరికే లేచిపోతే బాగుండదని ఫోటో దిగి పోతున్నారు. జంపయ్య కూడా మళ్లీ వచ్చి ఈసారి ముఖం వైపు నుంచి దిగాడు.

ఒక్కటే ఇబ్బంది. లోపల కుళాయి చప్పుడుకు, ఫ్యాను చప్పుడుకు వాళ్లు చెప్పేది సగం వినపడదు. వినపడకపోయినా ఊ కొడుతున్నాను. మొన్న బయటికి వచ్చి చూస్తే రెండు కోళ్లు ఉన్నాయి. "జర చూసుకుంటవా?" అని ఎవరో అడిగి ఉంటారు, నేను ఊఁ అని ఉంటాను. ఎవరివో తెలియదు. ఫోటోలకు వెనక కట్టే గులాబీ తోట పరదా కింద తిరుగుతున్నాయి. ఒక పెళ్లి ఫోటోలో కూడా పడ్డాయి.

కండక్టర్ మాట మాత్రం వద్దు మామా, నీ కాళ్లు పట్టుకుంటాను. ఈ షాపులో తప్ప నేను ఇంకెక్కడా బతకలేను.

నీ అల్లుడు
హీరాలాల్

*

ఖమ్మం,
2 మార్చి 1987

ఓరి దొంగ సచ్చినోడా!

ఇంత జరుగుతుంటే కోళ్ల సంగతి రాస్తావా నాకు? అసలు సంగతి దేవ్లా చెప్పాడు. వాడి బస్సు డిపోలోంచి బయటికి వస్తోంది, నా బస్సు లోపలికి పోతోంది. కిటికీలోంచి తల బయటపెట్టి, "అన్నా! నీ అల్లుడు ఒప్పుకున్నడంట! నవమికే! పందిరి, మైకు సెట్టు అన్నీ షుకూర్ భాయ్ చూసుకుంటుండంట!" అని అరిచాడు. బస్సులు రెండూ దాటిపోయాయి. ఇంకేమడగను? అడగడానికి ఇంకేముంది? పందిరి, మైకు, ఒప్పుకోవడం అంటే పెళ్లి కాక మరేమిటి?

భద్రాద్రి రాముడి పెళ్లి రోజే నీ పెళ్లి కూడానా! నోట్లో మాట రానివాడికి ఎంత ధైర్యం రా! ఒప్పుకుంటే ఒప్పుకున్నావు, మేనమామనైన నాకు చెప్పకుండా బయటివాళ్ల చేత పందిరి వేయిస్తావా? పిల్ల ఎవరు? మనవాళ్లేనా? హోటల్ మంగమ్మ చుట్టాల పిల్లా? నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత కళ్ల నీళ్లు వచ్చాయి, తర్వాత ఆ ట్రిప్పులో ఎక్కిన వాళ్లందరికీ చెప్పాను.

సెలవు పెట్టి కారేపల్లి వెళ్లి మీ అమ్మకు కూడా చెప్పాను. ముందు ఏడ్చింది, తర్వాత కోడలికని అద్దాల లంగా కుట్టడానికి కూర్చుంది. తండాకు తండా లారీ మాట్లాడుకుంటోంది.

మీ అత్తకు చెబితే, "పెళ్లి కాదేమో, జర అడిగి..." అని ఏదో అనబోయింది. నేను చెప్పేది అప్పటికి పూర్తి కాలేదు. అందుకని ఊరుకుంది.

వెంటనే పిల్ల పేరు రాయి.
మామ

*

సారపాక,
8 మార్చి 1987

మామా,

పెళ్లి లేదు. పిల్ల లేదు. అమ్మకు ఈ ఉత్తరం అందగానే చెప్పు, దండం పెడతాను.

నేను దేనికో ఒప్పుకున్న మాట నిజమే. దేనికి ఒప్పుకున్నానో నాకూ తెలియలేదు. మైకు సెట్లు కిరాయికిచ్చే షుకూర్ భాయ్ రోజూ వచ్చి నా భుజం తట్టి, "మాట తప్పొద్దు హీరాలాల్ భాయ్! నీ మీదనే పెట్టుకున్న" అంటున్నాడు. ఏ మాట అని అడగాలని నోరు తెరిచి, "ఊఁ" అంటున్నాను. నీ ఉత్తరం చదివాక నాక్కూడా పెళ్లేనేమోనని అనుమానం వచ్చింది.

అడగలేక "నేను దేనికి ఒప్పుకున్నాను?" అని చీటీ రాసి మంగమ్మకు ఇచ్చాను. ఆమెకు చదవటం రాదు. హోటల్లో టీ తాగుతున్నవాళ్లకు ఇచ్చి పెద్దగా చదివించింది. హోటలంతా ఒకటే నవ్వు. అప్పుడు చెప్పారు సంగతి.

నవమి రోజు భద్రాచలంలో గోదావరి గట్టు మీద, జనంలో తప్పిపోయినవాళ్ల కోసం షుకూర్ భాయ్ వాళ్లు పందిరి వేస్తున్నారు. తప్పిపోయినవాళ్లను అక్కడికి తెస్తారు. వాళ్ల పేరు, ఊరు కనుక్కుని ఒక మనిషి మైకులో చెప్పాలి. ఆ మనిషిని నేనట. సారపాకలో నా అంత ఓపికగా మాట్లాడేవాడు లేడని అందరూ కలిసి నా పేరు చెప్పారట.

మామా, నేను మైకులో మాట్లాడటమా! నలుగురిలో గొంతు పెగలదే, అంత జనంలో ఎలా పెగులుతుంది? షాపుకు తాళం వేసి చర్ల అడవుల్లోకి పోదామనిపిస్తోంది. నవమికి నీకు స్పెషల్ బస్సు డ్యూటీ పడుతుంది కదా. కొంచెం ముందు వచ్చి, మా అల్లుడికి జ్వరమని షుకూర్ భాయ్‌కు చెప్పు. నువ్వు చెబితే ఎవరైనా నమ్ముతారు.

హీరాలాల్

*

ఖమ్మం,
20 మార్చి 1987

అల్లుడా,

జ్వరం నీకు కాదు, నాకొచ్చింది. పెళ్లి లేదని చెప్పడానికి మళ్లీ తండాకు వెళ్లాను. ఒక్కరైనా నమ్మితే ఒట్టు! "పిలగాడు సిగ్గుపడుతుండు, అందుకే దాస్తుండు" అని నా ముఖం మీదే నవ్వారు. మీ అమ్మ లంగాకు ఇంకో వరుస అద్దాలు కుట్టింది. లారీ మాట్లాడటం అయిపోయింది. పెళ్లి ఉన్నా లేకపోయినా అందరూ నవమికి దిగుతున్నారు. మీ అత్తను కూడా ఆ లారీలోనే ఎక్కిస్తున్నాను.

నీకు జ్వరమని చెప్పను గాక చెప్పను. మూగవాడిలా బతికినవాడికి దేవుడు మైకు ఇచ్చాడు, పట్టుకో! నా డ్యూటీ స్పెషల్ బస్సుల స్టాండులో. మైకు అక్కడి దాకా వినపడుతుంది, చెవులు దాని మీదే పెట్టుకుని ఉంటాను. నీ గొంతు వినపడిందా, షాపు నీది. వినపడలేదా, దరఖాస్తు కాగితం నా ఖాకీ జేబులోనే ఉంటుంది. అక్కడే సంతకం పెట్టిస్తాను. ఇంక మాట మార్చను.

మామ రామ్‌చందర్

*

సారపాక,
14 ఏప్రిల్ 1987

మామకు రామ్ రామ్.

నవమి రోజు నువ్వు నన్ను కలవకుండానే బస్సు తీసుకుని వెళ్లిపోయావు. ఆ రోజు నువ్వు రైట్ చెప్పడం మరిచిపోతే డ్రైవరే చూసి చూసి బండి తీశాడని దేవ్లా అన్న అన్నాడు. నీకు కోపం వచ్చిందని అందరూ అంటున్నారు. జరిగింది జరిగినట్టు రాస్తాను, తర్వాత నీ ఇష్టం.

పొద్దున నన్ను మైకు ముందు కూర్చోబెట్టారు. షుకూర్ భాయ్ "మాట్లాడు భాయ్, మాట్లాడు" అంటున్నాడు. నా ఊపిరి చప్పుడే గట్టు పొడుగునా వినపడింది. సరిగ్గా అప్పుడు వాలంటీర్లు ఒక మనిషిని పట్టుకొచ్చారు. చూస్తే మన అత్త! తండా ఆడవాళ్లు ముందుకు పోయారట, ఈమె జనంలో వెనకబడిపోయింది. మన మనిషి కనపడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. "ఏమైంది అత్తా?" అన్నాను. అంతే మామా. మైకు ముందు నేను అన్న మాట అదొక్కటే.

అత్త నా పక్కన కూర్చుని, "ఏం కావాల్నయ్యా, నీ మామను చేసుకున్ననాడే తప్పిపోయిన" అంది. నేను అలవాటు కొద్దీ "ఊఁ" అన్నాను.

ఆమె ఆగి నా వైపు అదోలా చూసింది. ఆ తర్వాత ఆగలేదు. సగం మన తండా గోర్ మాటలో, సగం తెలుగులో చెప్పుకుంటూ పోయింది. మైకు తన నోటికి దగ్గరగా ఉందని ఆమెకు తెలియదు. నాకు తెలుసు. కానీ ఆమె ముఖం చూస్తే పక్కకు జరపబుద్ధి కాలేదు.

నువ్వు విననిది ఏమైనా ఉందేమోనని రాస్తున్నాను. "ముప్పై ఏండ్ల సంది మీ మామకు ఊ కొడుతున్న. మధిర బస్సుల ఎవలెక్కింరో ఎవలు దిగింరో నాకు ఎరుకనే. నాకేమైందో ఆయనకు ఎరుక లేదు. మా బాలి పుట్టిననాడు నేను సస్తననుకున్న. ఇంటికొచ్చినంక చెప్దామంటే, గా పొద్దు బస్సు పంక్చరైన కత మొదలువెట్టిండు. బాలికి పెండ్లయి పోయింది, గా కత ఇంక అయిపోలే" అంది. తండావాళ్లు పడీ పడీ నవ్వారు. మా అమ్మ నవ్వలేదు. అత్తను వెతుక్కుంటూ ఏడుస్తూ వచ్చింది.

చివర్లో నా సంగతి కూడా అంది. "గీ పిలగాన్ని కండక్టర్ చేస్తడంట. అందరు ఆయన లెక్కనే ఉండాల్నా? సప్పుడు లేకుంట బతికేటోన్ని సప్పుడు లేకుంటనే బతకనియ్యున్రి" అంది. షుకూర్ భాయ్ చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత ఎవరిని తెచ్చినా మైకు వాళ్ల ముందే పెట్టి ఊ కొట్టాను. ఏడుస్తున్న పిల్లలు కూడా చెప్పుకున్నారు. వాళ్ల గొంతు విని వాళ్లవాళ్లే పరిగెత్తుకొచ్చారు. పొద్దుగూకేసరికి పందిరి ఖాళీ అయింది.

అత్త తండా లారీ ఎక్కలేదు. నాతో సారపాక వచ్చింది. ఇప్పుడు నేను డార్క్‌రూంలో, ఆమె ముందు బెంచీ మీద. "గడ్డం లేపు బిడ్డా, ఏందా మొకం, జర నవ్వు" అని ఆమే చెబుతోంది. నా ఫోటోల్లో ఇప్పుడు మనుషులు నవ్వుతున్నారు. కోళ్లు ఎవరివో కూడా వచ్చిన పూటే కనుక్కుంది. ఇంటికి ఎప్పుడు వెళ్తావు అత్తా అని అడిగాను. "చెప్పుడు ఇంక అయిపోలే" అంది.

నా గొంతు వినపడిందని లెక్క వేసుకుంటావో లేదో నాకు తెలియదు మామా. నిజానికి వినపడింది అత్త గొంతు. దరఖాస్తు సంగతి ఏం చేశావో రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

హీరాలాల్

*

ఖమ్మం,
3 మే 1987

అల్లుడు హీరాలాల్‌కు,

దరఖాస్తు చింపేశాను. షాపు నీది, నీ ఇష్టం వచ్చినట్టు దాక్కో. ఆ సంగతి అయిపోయింది.

ఇక నా సంగతి. మధిర రూటులో నా పరువు గోదాట్లో కలిసింది. ఎక్కినవాడు ఎక్కినట్టే "అన్నా, వదినెకు ఊ కొట్టినవా?" అంటున్నాడు. నేనేమీ అనకుండా టిక్కెట్టు ఇస్తున్నాను. నిన్న ఒక ముసలామె నన్ను చూసి, "గీ కండక్టర్ కొత్తోడా, మాట్లాడడు?" అని పక్కావిడను అడిగింది.

నాకు కోపం రాలేదు. వచ్చింది, కానీ అది నీ మీద కాదు, ఎవరి మీదో తెలియక అదే చల్లారిపోయింది. మొన్న డ్యూటీ దిగి వచ్చి, స్టవ్ అంటించి, వైరా దగ్గర ఒక పెళ్లివాళ్లు బస్సెక్కి చేసిన గొడవంతా చెప్పుకొస్తున్నాను. మంచి చోటికి వచ్చేసరికి ఆగాను. ఇంట్లో ఎవరున్నారు వినడానికి? అన్నం మాడిన వాసన వచ్చింది. ఆ మాడిందే తిన్నాను.

బాలి పుట్టిన రోజు పంక్చరైన మాట నిజమే. ఏ టైరో కూడా నాకు గుర్తుంది. ఆమె ముఖం ఎలా ఉందో గుర్తు తెచ్చుకుందామంటే రావడం లేదురా. ఎంత ప్రయత్నం చేసినా రావడం లేదు.

మీ అత్తను పంపించమని రాద్దామని కూర్చున్నాను. పంపించవద్దు. వచ్చే ఆదివారం నేనే వస్తున్నాను, ఖాకీ వేసుకోకుండా, టిక్కెట్టు కొనుక్కుని. నేను ఎదురుగా కూర్చుంటే ఆమె చెప్పదు, చెప్పినా నేను మధ్యలో అందుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. అందుకని నాకో సాయం చెయ్యి. నన్ను నీ డార్క్‌రూంలో కూర్చోబెట్టి తలుపు వేసెయ్యి. బయట స్టూలు మీద మీ అత్తను కూర్చోబెట్టు. బాలి పుట్టిన రోజు నుంచి మొదలుపెట్టమని చెప్పు. సోమవారం కూడా నేను సెలవు పెట్టాను.

మామ రామ్‌చందర్